పేతురు సారు ఏరుకొచ్చిన ముక్కలు

ఎవలూ, పేతురు సారా? కూసో బిడ్డా, కూసో. గా పీట గుంజుకో, దాని కాలొకటి ఊగుతది, జర గోడకు ఆనిచ్చుకో. సారు తమ్ముని మనుమరాలివా నువ్వు? అందుకే, నువ్వు గడప దాటంగనె గా నొసలు ఏడనో చూసిన్నే అనుకున్న. ఆయన ముచ్చట అడిగెటోళ్లు లేక ఎన్నేండ్లాయె! అప్పట్ల మంచిర్యాలల ఎవల్నన్న ఆపి అడుగు, "మిషన్ బడి సారా, చీటీల సారా?" అనెటోళ్లు. చీటీల సారు. జేబుల ఎప్పుడు చూసినా కాయితపు చీటీలే, చెవు మీద పెన్సిలు. మా ఇల్లు మిషన్ కంపౌండు గోడకు ఆనుకొని ఉండె. మా ఆయన కొమురెల్లి రైలు పట్టాల మీద పని చేసెటోడు. గోడకొక మొండి ఉండె, ఇటుకలు రాలిపోయి సందు వడ్డది. గా మొండిల నుంచే నేనూ ఎలీసక్కా ఇటు చారు అటు పోయేది, అటు కూర ఇటు వచ్చేది. ఎలీసక్క అంటె ఎలీసబెతు, సారు భార్య, నీకు పెద్దవ్వ అయితది. మేము ఆ తీరు మనుషులం కాదు, వాళ్లు యేసు గుడికి పోతరు మేము పోచమ్మకు చేసుకుంటం, గాని గా మొండిల అసొంటియేం అడ్డం రాలే. నాకు చదువు రాదు బిడ్డా. అక్క నేర్పుత అంటె నేనే తప్పిచ్చుకొని తిరిగిన, ఇయ్యాల దాని గోస తెలుస్తంది. దవఖానకు పోతె ఏ తలుపు ఎవలదో ఎర్కగాదు... సరే తియ్యి, సారు కాడికి వస్త.

అప్పుడు కంపౌండుల పామర్ దొర ఉండెటోడు. సారు నవ్వుకుంట అనెటోడు, "పేరుకే పామర్ కిష్టవ్వా, ఆయనకు రాని భాష లేదు" అని. గా దొర బడి చూసుకునెటోడు, ఆదివారం వాక్యం చెప్పెటోడు, మిగిలిన పొద్దంత పుస్తకాలల్ల తల పెట్టి కూసునెటోడు. సారుకు లాటిన్ అనే భాష నేర్పిండు. రోము దేశపోళ్లదట, ఇప్పుడు ఎవ్వలు మాట్లాడరట. ఎవ్వలు మాట్లాడని భాష నేర్చుకొని ఏం చేసుకుంటవయ్యా అని మా ఆయన మొకమ్మీదనె అడిగిండు ఒకసారి. సారుకు కోపం రాలే. ఆయనకు కోపం రాంగ నేను చూడలే. నేను అర్రల కూసోని బొంత కుడుతున్న, గా మొండి కాడ నిలవడి నాకు చెప్పిండు: "కిష్టవ్వా, రెండు వేల ఏండ్ల కింద ఒకాయన వాళ్ల దేశం చరిత్రంత రాసిండు. గా పుస్తకం పోయింది. లోకం మీద ఒక్క ప్రతి లేదు." పోయినదానికి మీరేం చేస్తరు సారూ అన్న. "ఆయన ఎనుక వందల ఏండ్లకు రాసినోళ్లు ఆయన మాటలు ఒకటో రెండో ఎత్తుకున్నరు. ఒకాయన వ్యాకరణం రాసుకుంట, గీ మాటను పాతోళ్లు గిట్ల వాడిన్రు అని ఒక్క వాక్యం పెట్టిండు. కొందరు పేరు చెప్పి పెట్టిన్రు, కొందరు పేరు చెప్పకుంట తమదాంట్ల కలుపుకున్నరు. దొర అవన్నీ ఏరుతుండు. ఒక్కో ముక్క ఒక్కో చీటీ మీద." పేరే చెప్పకుంటె అది ఆయనదని ఎట్ల ఎర్కవడ్తది? సారు నా ఒళ్లె ఉన్న బొంత దిక్కు చూసిండు. "గా పచ్చ ముక్క ఎవలది?" మా అత్త చీరది సారు. "ఎట్ల ఎర్క?" ఎట్ల ఎర్కేంది సారూ, గసొంటి నేత మా అత్తనే కట్టేది, ఇంకెవలు కట్టకపోదురు. "గట్లనే," అన్నడు. గంతే చెప్పిండు, పోయిండు. నాకు మాత్రం పూరా సమజయ్యింది.

ఒకనాడు కంపౌండుల ఒకటే లొల్లి. ఏందా అని ఉరికొస్తె దొర చెప్పులు లేకుంట, మెడల తువ్వాల, సారును పట్టుకొని ఊపుతుండు. "పేతురూ, నువ్వు పట్టినవ్! నువ్వే పట్టినవ్!" అని వచ్చీరాని తెలుగుల. ఏదో పుస్తకంల పేరు లేని ముక్క ఉన్నదట, అది గా రోము దేశపాయనదే అని మన సారు పట్టిండట, అండ్ల వాడిన ఏదో ఇచ్చిత్రమైన మాటను బట్టి. దొరకు సుత చిక్కలేదట అది. సారు మొకం చూడాలె బిడ్డా, పెండ్లినాడు సుత గట్ల ఎలగలే. ఎలీసక్క వంటింటి గడపల నిలవడి చేతులు తుడుసుకుంట చూసింది. "గా రోము దేశపాయన ఎవలో గాని, ఆయన అదృష్టం మంచిదే," అన్నది. నవ్వుకుంటనే అన్నది. నేను ఆమె మొకం దిక్కు చూసిన, సారు చూడలే.

ఎలీసక్క సుత రాసేది మరి. అది చెప్పలే కద నీకు. ఆమె మిషన్ దవఖానల పురుళ్లు పోసుడు నేర్చుకున్నది. చుట్టు పది ఊర్లల్ల ఏ ఇంట్ల నొప్పులు షురువైనా బండి కట్టుకొని వచ్చెటోళ్లు. ఆమె కాడ నల్లట్ట నోటుబుక్కు ఒకటి ఉండె. ఎవలు ఏడ పుట్టిన్రు, ఎవలు ఏడ పోయిన్రు, పోయినప్పుడు ఇంట్ల ఏమున్నది, ఎవలు ఏమన్నరు, అంత రాసేది. మాట్లాడినట్టే రాసేది. రజాకార్ల గడబిడ ముదిరిన యేడు, ఎండకాలం, మా వాడకట్టంత నిజాం హద్దు దాటి చాందా దిక్కు లేచిపోయింది చూడు, అప్పుడు మరీ రాసింది. అంతమంది పోయినం, కొందరు తొవ్వల్నే మిగిలిపోయిన్రు. చెట్టు కింద కూసోని రాసేది, బండి ఆగితె రాసేది. సారు అప్పుడు మాతోని లేడు. దొరకు జరమొచ్చి పట్నంల పెద్ద దవఖానల పడితె, సారు ఆయన మంచం కాడ ఉన్నడు, చీటీల సందూగ సుత ఎంబడి తీస్కపోయిన్రు. ఇటు అక్క నిండు నెలల మనిషి. కొమురెల్లిని నన్నూ పట్టుకొని నడిచింది.

చాందా దిక్కు ఒక ఊర్ల తారాబాయి అని ఒకామె, మరాఠీ ఆమె, తన పశుల కొట్టంల మాకు జాగ ఇచ్చింది. గా కొట్టంలనే అక్కకు నొప్పులచ్చినయి. అందరికి పురుడు పోసిన మనిషికి ఆనాడు నేనూ తారాబాయీ, చేతనైన కాడికి చేసినం. ఆడపిల్ల. మూడు దినాలు బతికింది. ...గంతే. మల్ల వాళ్లకు పిల్లలు కాలే.

గడబిడ సల్లవడ్డంక ఇండ్లకు మర్లి వచ్చినం. సారు పట్నం నుంచి వచ్చిండు. తొవ్వల్నే ఎవలో చెప్పేసిన్రు ఆయనకు, బిడ్డ పుట్టి పోయింది, పేరన్న పెట్టకముందే పోయింది అని. ఆయన ఇంట్లకొచ్చి అక్క పక్కపొంటి కూసున్నడు. చెయ్యి పట్టుకున్నడు. పొద్దుగూకేదాంక గట్లనె కూసున్నడు గాని ఒక్క మాట అడగలే. భయమయ్యింది బిడ్డా ఆయనకు. అడిగితె ఏం ఇనవల్సి వస్తదో అని. తెల్లారి మల్ల చీటీలు ముందరేసుకున్నడు. అక్క మొండి కాడికి వచ్చి నాతోని అన్నది, "ఆయన అడుగుతడు కిష్టవ్వా. ఇయ్యాల కాకుంటె రేపు అడుగుతడు. అడిగిననాడు నేనే చెప్త, నువ్వు నడుమల నోరు తెరువకు." సరే అక్కా అన్న. ఒట్టేసిన.

తర్వాత దొర తన దేశం పోయిండు, పానం బాగలేదు ఆయనకు. చీటీల సందూగ సారు చేతిల పెట్టి, "పేతురూ, నువ్వు చెయ్యి" అన్నడు. ఇగ బడి అయిపోంగనె అదే పని. గట్ల రెండు మూడేండ్లు. ఇగ గోదారి వచ్చిన యేడు. నీకు గోదారి వచ్చుడంటె తెల్వదు, అప్పట్ల ఆనలు పడితె ఒక్క పూటల ఇంట్లకొచ్చేది. పొద్దుగాల మేము చాయ తాగుతున్నం, కాళ్ల కింద తడి. బువ్వ కుండ దించెలోపట మోకాళ్ల దాంక. ఎలీసక్క ముందుటి దినం నుంచి ఇంకో ఊర్ల పురుటి కాడ ఉన్నది. ఇంట్ల సారు ఒక్కడే. మా ఆయన మొండిల నుంచి ఒర్లుతుండు, "సారూ, పానం దక్కిచ్చుకో, బయటికి రా" అని. సారు వచ్చిండు. నడుముల మట్టం నీళ్లల్ల, నెత్తి మీద గా చీటీల సందూగ ఎత్తుకొని వచ్చిండు. ఒక్క చీటీ తడువలే.

అందరం మిట్ట మీద బడిల ఉన్నం. మూడోనాటికి నీళ్లు తీసినయి, అక్క వచ్చింది, అంచు దాంక బురద. సారును చూసింది, సందూగను చూసింది. "నా బుక్కు?" అన్నది. గూట్ల పెట్టింది ఆమె బుక్కు, చెయ్యి చాపితె అందేటంత ఎత్తుల. సారు సందూగ మీదికెల్లి చెయ్యి తీసిండు. గప్పుడు యాదికొచ్చింది ఆయనకు. అక్క ఎనుకకు మర్లి నన్ను అడిగింది, "పొయ్యి మీద ఏమన్న పెట్టిన్రా కిష్టవ్వా, ఆకలైతంది." తిడితె బాగుండు అనిపిచ్చింది నాకు. తర్వాత ఇల్లు కడుగుతుంటె గూట్ల అట్ట దొరికింది, లోపట ముద్ద. మల్ల రాయరాదె అక్కా అంటె, "అప్పటి మనుషులు అప్పుడు చెప్పిన మాటలు కిష్టవ్వా, ఇప్పుడు నేను రాస్తె అవి నా మాటలైతయి" అన్నది.

సారు ఆర్నెల్లు సందూగ ముట్టలే. బడికి పోవుడు, వచ్చి అరుగు మీద కూసునుడు. మనిషి సగమైండు. అప్పుడొకనాడు పోశం అని మా వాడకట్టోడే, భూమి కోసం కచ్చేరిల ఇచ్చిన దరఖాస్తు నకలు తెచ్చిండు, జర చదివి పెట్టు సారూ అని. సారు బయటికి చదువుతుండు. మహరాజ రాజశ్రీ, దాఖలు, మంజూరు, అన్నీ కచ్చేరి మాటలే. నడుమల ఒక్కతాన ఆగిండు. "మా అవ్వ ఒక చేతిల చెంబు, ఒక చేతిల కోడిపిల్ల పట్టుకొని వాగు దాటింది, చెంబు పోయింది, కోడిపిల్ల పోలే." సారు మల్ల చదివిండు దాన్ని. "గిది ఎవలు రాసిన్రు పోశం?" అన్నడు. వాడు నెత్తి గోక్కున్నడు, "ఎలీసమ్మ బుక్కులది సారూ. మేము ఊరిడిచి పోయినట్టు సాక్ష్యం కావాలంటె, గా బుక్కు చూపిచ్చి, దరఖాస్తు రాసెటాయనతోని ఎక్కిపిచ్చిన." బిడ్డా, సారు లేచి నిలవడ్డడు. ఇంట్లకు ఉరికి, సందూగల నుంచి ఖాళీ చీటీ ఒకటి తీసి, పైన పోశం దరఖాస్తు అని రాసి, కింద గా మాట రాసి, పోయి అక్క ముందర పెట్టిండు. బియ్యం చెరుగుతుంది ఆమె. చీటీ చూసింది. "కోడిపిల్ల కాదు," అన్నది. "పుంజు. కోడిపిల్లనైతె ఎవలన్న పట్టుకొని దాటుతరు. పుంజు గనుకనే రాసిన." సారు కోడిపిల్లను కొట్టేసి పుంజు అని రాసిండు, ఇద్దరూ నవ్విన్రు. ఆర్నెల్లకు నవ్విన్రు.

ఇగ షురువైంది ఆయన తిరుగుడు. ఆదివారం గుడి అయిపోంగనె సంచి తగిలిచ్చుకొని పోయెటోడు, కాలినడకన కొన్ని, బస్సుల కొన్ని. అక్క పురుడు పోసిన ఇండ్లు, చాందా దాంక కలిసి నడిచినోళ్లు. "ఎలీసబెతమ్మ మీకేమన్న చదివి ఇనిపిచ్చిందా? ఏం చదివింది, గా మాట ఉన్నదున్నట్టు చెప్పున్రి" అని. కొందరు ఆమె పేరు చెప్పి చెప్పిన్రు. కొందరు తమ మాటనె అనుకొని చెప్పిన్రు, అండ్ల ఆమె మాట దాక్కొని ఉండేది, సారు గుంజుకొచ్చెటోడు. పెద్ద పాస్టరుగారు ఎవలో పోయిననాడు చేసిన ప్రసంగం రాసి పెట్టుకున్నడట, దాంట్ల రెండు ముక్కలు దొరికినయి. పొద్దుగూకంగ ముందర అరుగు మీద కూసోని చీటీలు ఒక్కొక్కటి చదివెటోడు, అక్క కూరగాయ కోసుకుంట ఇనేది. "నాదే." "నాది కాదు." "సగమే నాది, తోక నీకు చెప్పినామె కలిపింది." ఒకసారి సారు మస్తు ఖుషీగ ఒకటి చదివిండు, కన్నీటి సముద్రమున మునిగి అని ఏదో. అక్క కత్తిపీట ఇడిచిపెట్టి, "ఛీ, నేను గట్ల రాస్తనా? సముద్రం నేను చూసిన్నా ఎన్నడన్న? గది పాస్టరుగారిది" అన్నది. నేను మొండి కాడ నిలవడి నవ్వీ నవ్వీ కడుపునొచ్చింది. మెల్లమెల్లగ సారు తప్పు తెచ్చుడు తక్కువైంది. అక్క మొదలు వస్తువు చెప్తది, మనిషిని తర్వాత చెప్తదట. చిన్న చిన్న మాటలట. ఏడుపు అని ఏడా రాయదట. సారు నాకు గవన్నీ చెప్తుంటె, కొత్తగ పెండ్లైనోడు పెండ్లాం ముచ్చట చెప్పినట్టుండె.

ఒకనాడు ఆమెతోని అన్నడు, నేను ఇన్న, "ఎలీసా, నీ బుక్కు నేను ఒక్క పేజీ సుత చదువలే." "ఎర్కే" అన్నది. "మరి ఎన్నడు అనకపోతివి?" "చదువుమని చెప్పి చదివిపిచ్చుకుంటరా ఎవలన్న?" అక్క కోసిన దోసకాయ ముక్క ఒకటి ఆయన చేతిల పెట్టింది, చేదున్నదేమో చూడుమని.

ఖాళీ చీటీలు అయిపోయినయి. అప్పటికే దొర చెల్లె ఉత్తరం రాసి ఉండె, దొర పోయిండని, గా ముక్కలు ఈడ ఎవలకూ అక్కెర లేవని. సారు రెండు దినాలు బువ్వ తినలే. తర్వాత దొర చీటీలు మర్లేసి, ఎనుక దిక్కు ఎలీసక్క మాటలు రాసుడు వెట్టిండు. అక్క కోప్పడ్డది, "దొర చేతిరాత ఖరాబు చేస్తున్నవు" అని. "ఖరాబు ఏడ చేసిన, ఆ దిక్కు ఆయనది, ఈ దిక్కు నీది" అన్నడు. "అంటె నేను ఎనుకదిక్కా?" అన్నది. సారు చీటీ తిప్పి చూపిచ్చిండు, "ఇగో, ఇప్పుడు నువ్వే ముందల." అసొంటి మాట ఆయన నోట ఎప్పుడు ఇన్లే నేను. అక్క కొంగు అడ్డం పెట్టుకొని లోపటికి పోయింది.

గన్ని మాటలు ఏరిన్రు గద, ఊరందరి పిల్లల ముచ్చట ఏరిన్రు గద, వాళ్ల సొంత పిల్ల పేజీ జోలికి మాత్రం ఇద్దరూ పోలే. ఆయన అడుగుతడని ఆమె చూసింది. ఆమె చెప్తదని ఆయన చూసిండేమో. నా నాలిక కొసకు వచ్చేది, ఒట్టు యాదికొచ్చేది. ఇగ చూస్తుండంగనె అక్కకు కామెర్లైనయి. నాలుగు దినాలు. మాట పడిపోయింది మొదలే, ఆఖరుకు చెప్పుకునే తీరు సుత లేకపోయింది. పంతొమ్మిది వందల అరవై నాలుగుల, చలికాలం.

సారు చీటీలు ఆపుతడనుకున్న. ఆపలే. గాని తెచ్చిన చీటీకి అవును కాదు అనెటోళ్లు లేరు. అరుగు మీద కూసోని తనే చదువుకొని, తనే సోంచాయించి, అనుమానం ఉన్నయన్నీ పక్కకు పెట్టెటోడు. గవే పెరిగినయి. గట్ల రెండు మూడేండ్లు పోయినంక ఎవలో చెప్పిన్రు, తారాబాయి ఇచ్చోడల బిడ్డ కాడ ఉంటుందని. సారు బస్సెక్కిండు. మర్నాడు మధ్యానం వచ్చి ఇంటి తాళం సుత తియ్యలే, సీద మా ఇంట్లకు వచ్చిండు. నడిచి రావుడు కాదు, తేలుకుంట వచ్చినట్టు వచ్చిండు. నీళ్లిస్తె తాగలే. "కిష్టవ్వా, తారాబాయి ఒక్క ముక్క చెప్పింది. కొట్టంల ఎలీస రాసుకొని, రాసింది రాసినట్టు బయటికి చదివిందట. ఆమెకు తెలుగు రాదు. లై లహాన్ పోర్గి హోతి సార్, శాన చిన్న పిల్ల సారు, అని ఏడ్చింది. గాని గా తెలుగు మాటలు, అర్థం తెల్వకున్నా, దేవుని పాట లెక్క యాది పెట్టుకున్నది. మూడుసార్లు చెప్పిపిచ్చిన, మూడుసార్లు ఒక్కతీరుగ చెప్పింది." చీటీ తీసిండు. చదివిండు.

"మోదుగాకుల మీద పండవెట్టిన. మూడు దినాలు పాలు తాగింది. రూతు అని నేనే పిలిచిన, ఇంకెవలు పిలువలే."

చదివి నా దిక్కు చూసిండు. "ఆకు మొదలొచ్చింది, పిల్ల తర్వాత వచ్చింది. ఏడుపు లేదు. అర్థం తెల్వని మనిషి కల్పియ్యలేదు. నాకైతె ఆమెదే అనిపిస్తంది. గాని ఆశ తోని నేనే అట్ల అనుకుంటున్ననా? ఇది ఎలీసదేనా కిష్టవ్వా?" అడిగిండు బిడ్డా. పంతొమ్మిది ఏండ్లకు అడిగిండు, అడగవల్సిన మనిషి పోయినంక నన్ను అడిగిండు. ఒట్టు ఎవలకేసిన్నో ఆమె లేదు. నేను అన్న, "ఆమెదే సారూ. ఆకులు నేనే కోసుకొచ్చిన. ఆమె రాస్తుంటె నేను పక్కన్నే ఉన్న."

"నీకు ఎర్కేనా ఇన్నొద్దులు?" "ఎర్కే." "పేరు సుత?" "పేరు సుత." ఎందుకు చెప్పలే అని తిడతడనుకున్న, నేను సుత తిట్టిచ్చుకునెటందుకు తయారున్న. తిట్టలే. చీటీ మడిచి జేబుల పెట్టుకున్నడు. ఇగో ఇప్పుడు నువ్వు గోడ కాడ కూసున్నవ్ గద, గట్లనె ఆయన ఉత్త నేల మీద కూసున్నడు, గోడకు ఆనుకొని. "ఎట్లుండె?" అన్నడు. నేను చెప్పిన. నెత్తి నిండ ఎంటికలుండె సారూ, నల్లగ. చెవులు మీయే. ఏడుపు తక్కువ. ఏలు పెడితె గట్టిగ పట్టుకునేది, తారాబాయి ఏలు ఇడువకుంటె ఆమె పశులకు నీళ్లు పెట్టవోలే ఆనాడు. మూడోనాడు పొద్దుగాల మెల్లగ, పండుకున్నట్టే... చెప్పుకుంట పోయిన. పొద్దు వంగేదాంక చెప్పిన. సారు పెన్సిలు తియ్యలే బిడ్డా. జేబుల చీటీలున్నయి, ఒక్క మాట రాసుకోలే. ఊకె ఇన్నడు. అంత అయిపోయినంక లేసి, గడపల నిలవడి, బయటికి చూసుకుంట ఒక్కసారి పిలిచిండు. "రూతూ" అని. గట్టిగ కాదు. ఆకిట్ల ఆడుకునే పిల్లను బువ్వకు పిలిచినట్టు.

నేను అప్పుడు... గా... 

ఏం లేదు. గంతే బిడ్డా. జర గా తలుపు దగ్గరికెయ్యి, ఎండ మొకమ్మీద వడ్తంది.